నాలుగు వరసల్లో సైరన్

నరసింగరావు ఆ పాట కట్టి ముప్పై ఏళ్లు దాటింది. అందులో ఒక్క మాట కూడా లేదు. అప్పట్లో ఆయనకి ఉన్నదల్లా టీవీకి తగిలించే పాత కంప్యూటరూ, పాటలు కట్టే ట్రాకర్ అనే ప్రోగ్రామూ. తెర మీద నాలుగు నిలువు వరసలు జారుతుంటాయి. ఏ గడిలో ఏ స్వరం, ఏ చప్పుడు రాస్తే అది మోగుతుంది. చప్పుళ్లు మాత్రం టేపులో పట్టి మనమే ఎక్కించుకోవాలి. ఆయన దగ్గర వీణ లేదు. స్టీల్ ప్లాంటు వాళ్ల సెక్టర్ 2 క్వార్టర్లో ఏది వినబడితే అది పట్టాడు: సైకిల్ బెల్లు, కుక్కర్ కూత, షిఫ్టు మారేటప్పుడు మోగే ప్లాంట్ సైరన్.

దాన్ని చివరిదాకా విన్నవాళ్లు లేరు. భార్య లలితాంబ "నా కుక్కర్ నాకు సాలదేటి?" అని సగంలోనే లేచి వెళ్లిపోయేది. అందుకే ఖుర్సీపార్ తెలుగు సంఘం వార్షికోత్సవంలో అవకాశం దొరికాక ఆయనది ఒకటే కోరిక: ఒక్కసారైనా, ఎవరూ మధ్యలో లేవకుండా వినాలి.

"ఫోన్లోకి ఎక్కించి వినిపిద్దామా నాన్నా?" అంది కూతురు కుముదిని.

"ఫోన్లో ఎవుడైనా వినిపిస్తాడమ్మా. మిషను మీద వరసలు నడవాల!"

వార్షికోత్సవం నాడు వేదిక మీద నడిచాయి. జనానికి వీపు పెట్టి, తెర మీంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడాయన. హాల్లో సగం మంది ప్లాంటులో రిటైరైనవాళ్లే. బెల్లుకి కొందరు తలలూపారు, కూతకి కొందరు కునుకు తీశారు. చివరి ముక్కలో సైరన్ అందుకుంది.

హాలంతా లేచి నిలబడింది. ఒకాయన గేట్ పాస్ కోసం జేబు తడుముకున్నాడు. ఇంకొకాయన కుర్చీ కింద టిఫిన్ డబ్బా వెతికాడు. ఎసరు పెట్టడానికి లలితాంబ కూడా లేచింది. తరవాత ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మళ్లీ కూర్చుంటే ఇంకా సిగ్గు. చప్పట్లు కొట్టారు.

అప్పుడు వెనక్కి తిరిగాడు నరసింగరావు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

సంఘం కార్యదర్శి రమణ పరుగున వచ్చాడు. "భయ్యా, వచ్చే ఏడు కూడా ఆఖరి ఐటెం నీదే! జనాన్ని హాల్లోంచి లేపడానికి మా పేణం పోతంటాది. ఇయాల..."

కుముదిని గట్టిగా దగ్గింది.

"...ఇయాల అదిరిపోనాది!" అన్నాడు రమణ.

ఇంటికి వెళ్తూ ఆటోలో నరసింగరావు భార్య వైపు వంగాడు. "నువ్వు కూడా లేచి నిలబడ్డావే!"

లలితాంబ కొంగు సర్దుకుంది. "పాటంటే అలగుండాల" అంది.

"సైరన్ కొంచెం పొట్టయిపోనాది" అన్నాడాయన. "వచ్చే ఏటికి పొడుగు సేస్తాను."