రావొద్దన్న మాట

అచ్యుతాపురంలోని మందుల కంపెనీ ప్యాకింగ్ షెడ్డులోకి దీనా పరుగున వచ్చేసరికి నూకరత్నం ఓ మూల స్టూలు మీద కూర్చుని ఉంది. మోచేయి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. పెట్టెలు మోసే బండి వెనక్కి వస్తూ ఆమెను రాసుకుపోయింది. డ్రైవర్ ఎర్రయ్య హారన్ కొడుతూనే ఉన్నాడట. పుట్టుచెవిటి మనిషికి హారన్ ఎలా వినిపిస్తుంది?

ఆమెను ఇక్కడ చేర్పించింది దీనాయే. అనకాపల్లిలో వికలాంగులకు పని చూపించే సంస్థలో ఆమె ఉద్యోగం. చేర్పించాక కూడా వచ్చి కనుక్కుంటూ, చిక్కులొస్తే సర్దుతూ ఉండాలి. "ఏ ఇబ్బందీ రాదు, నాదీ పూచీ" అని సూపర్‌వైజర్ త్రినాధరావుకు మాటిచ్చింది కూడా తనే.

"సూడమ్మా," అన్నాడు త్రినాధరావు. "ఇయాళ మోచేయి. రేపు పేణమే పోతే ఎవులు సమాధానం సెప్తారు? ఇంక రావొద్దని సెప్పీ."

దీనా నూకరత్నం వైపు తిరిగింది గానీ చేతులు లేవలేదు. చివరికి, కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉండమంటున్నారని సైగ చేసింది.

నూకరత్నం త్రినాధరావు ముఖంలోకి చూసింది. మళ్లీ దీనాను చూసింది. 'అబద్ధం. ఆయనన్నది అన్నట్టు చెప్పు' అన్నాయి ఆమె వేళ్లు.

దీనా తల దించుకుని ఉన్నదున్నట్టు చెప్పింది.

నూకరత్నం ఏడవలేదు. లేచి తన బల్ల దగ్గరికి నడిచింది. ఆ బల్ల గోడవైపు ఉంది, బండి దారి వీపు వెనక. బల్లను ఈడ్చి ఇటు తిప్పి, గోడకు వీపు ఆనించి నిలబడి, గబగబా సైగలు చేసింది.

"ఇలా అయితే బండి కనబడుతుందంటోంది," అంది దీనా. "బండి వెనక ఎర్రలైటు కూడా పెట్టమంటోంది."

"లైటుంటే నాకూ మంచిదే బాబూ," అన్నాడు ఎర్రయ్య. "ఈ మిషన్ల గోలలో సెవులున్నోలకే హారన్ ఇనపడదు."

త్రినాధరావు గడ్డం గోక్కున్నాడు. "ఏదీ, బండి తియ్యి. సూద్దాం."

బండి వెనక్కి కదిలింది. నూకరత్నం తల వంచి లేబుళ్లు అంటిస్తోంది. బండి దగ్గరికి వచ్చేస్తోంది. దీనాకు కేక గొంతుదాకా వచ్చింది. అరిచి లాభం లేదు. పరుగెత్తబోయింది.

నూకరత్నం తలెత్తింది. పక్కకు జరిగి, బండి పోయాక మరో లేబుల్ అందుకుంది.

"సరే, రమ్మను. లైటు బిగించీదాకా దగ్గరుండి నువ్వే సూసుకోవాల," అన్నాడు త్రినాధరావు.

"ఉంటానండీ," అంది దీనా. ఈసారి ఆయనన్నది అన్నట్టు నూకరత్నానికి సైగ చేసింది.