దుప్పటి కింద నలుగుపాట

శ్రీజ వాళ్ల వంటింట్లో కుక్కరు తోముతూ పేరమ్మ మాటిమాటికీ చున్నీకి చెయ్యి తుడుచుకుని ఫోను చూసుకుంటోంది. పంపిన పాట పక్కన వెళ్లలేదన్న ఎర్రగుర్తు అలాగే ఉంది. మళ్లీ నొక్కింది. గుండ్రంగా కాసేపు తిరిగి మళ్లీ ఎర్రగుర్తే. పొద్దుటి నుంచీ ఎడమ భుజం లాగేస్తోంది. రాత్రి రాసుకున్న నొప్పిమందు వాసన ఇంకా వదల్లేదు.

రేపు పొద్దున్నే కోనసీమలో తమ్ముడి కూతురు విజయదుర్గకు నలుగు. నలుగు పెట్టేటప్పుడు మేనత్త పాట పాడాలి, వాళ్లింట్లో అదొక రివాజు. క్లీనింగ్ కంపెనీ సెలవివ్వలేదు. పసుపు రాయడానికి చెయ్యి ఎలాగూ వెళ్లదు, గొంతైనా వెళ్లాలని పేరమ్మ పట్టుదల. బర్ దుబాయ్‌లో మంచం మీద మంచం వేసిన గదాయె, నిశ్శబ్దం ఎక్కడిది? అందుకే ఎర్ర దుప్పటి తలమీదుగా లాక్కుని, చెమటలు కారిపోతున్నా పాట మొత్తం పాడి ఫోన్లో పట్టింది.

అంతా బాగానే ఉండేది. పాటకు ముందు శుభలేఖ ఫొటో పంపింది చూడండి, అక్కడ వచ్చింది తంటా. ఎవరికి పంపింది? ఫోన్లో ఉన్న ప్రతి నంబరుకీ! పేరంటానికి వీధిలో ఒక్క గడప వదిలేసినా మాటొస్తుంది, ఆవిడ దృష్టిలో ఫోనూ ఒక వీధే. గ్యాసుబండ తెచ్చే మలబారీని, ఎప్పుడో మానేసిన ఇంటి మేడమ్‌ని, ఒకసారి కారెక్కించుకున్న పఠాన్ డ్రైవర్నీ బొట్టుపెట్టి పిలిచినంత శ్రద్ధగా పిలిచింది.

శ్రీజ ఫోను తీసుకుని చదివింది. "మీ నంబరు నుంచి ఫొటోలు, పాటలు ఏవీ వెళ్లకుండా ఆపేశారు పేరమ్మగారూ. అంతమందికి ఒకేసారి పంపితే ప్రకటనలనుకుంటారు. ఎవరో కంప్లయింట్ కూడా ఇచ్చినట్టున్నారు."

"నేనేం అమ్ముకుంటున్నానండీ? పెళ్లికి పిలిచాను. పిలవకపోతే కదా తప్పు!"

"రెండ్రోజుల్లో మళ్లీ పనిచేస్తుందిలెండి."

"రెండ్రోజులకి పిల్ల అత్తారింట్లో ఉంటదండి."

శ్రీజకు జాలేసింది. కానీ ఆఫీసు మీటింగు మొదలైపోయింది. "సాయంత్రం ఫోను పట్టుకురండి. వైరు పెట్టి తీసి నేనే పంపిస్తాను."

"ఆయ్, అలాగేనండి." పేరమ్మ మొహం విప్పారింది.

గదికొచ్చి మెట్లెక్కేసరికి ఆయాసం. పక్క మంచం మంగ పోపు వేస్తోంది. సంగతి విని, "పిన్నీ, నీ ఫోన్లో పాట పెట్టు. నా ఫోను పక్కనుంచి పట్టి పంపేద్దాం" అంది.

"వద్దే బాబూ. నలుగుపాటలో నీ పోపు చిటపటలెందుకు? సాయంత్రం శ్రీజమ్మ శుభ్రంగా పంపుద్ది." కంచం పక్కకు నెట్టి దుప్పటి కప్పుకుని పడుకుంది. "కాసేపు నడుం వాలుస్తాను. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరగా వెయ్యి."

మంగ పనికి పోయి ఇంకా పొద్దుండగానే తిరిగొచ్చింది. పిన్ని అదే పక్కకు ఒత్తిగిలి ఉంది. లేపబోతే చెయ్యి చల్లగా తగిలింది. అంబులెన్సు వచ్చింది, పోలీసులొచ్చారు. వాచ్‌మన్ గుమ్మంలో నిలబడి నెమ్మదిగా "ఖలాస్" అన్నాడు. వాళ్ల తెల్లగుడ్డ కప్పి తీసుకుపోయారు. దుప్పటి, అందులో ఫోను మంచం మీదే ఉండిపోయాయి.

ఆ ఫోను మోగింది. పేరమ్మ తమ్ముడు వీరవెంకటసత్యనారాయణ మాట రికార్డు చేసి పంపాడు. "అక్కా, పాటేదే? అత్త పాట లేకపోతే పీట మీద కూర్చోనని నీ మేనకోడలు మంకుపట్టు పట్టింది."

మంగ ఆ ఫోను చేతిలోకి తీసుకుంది. చావుకబురు ఇప్పుడు చెబితే పెళ్లి ఆగిపోతుంది. దాచిపెడితే ఆ తమ్ముడు జన్మలో క్షమించడు. అయినా పిన్ని పొద్దుటి నుంచీ అల్లాడింది ఈ పాట కోసమే కదా! తాళి పడ్డాక తనే చెబుతుంది, తిట్టనీ.

వైరు సంగతి మంగకు తెలీదు. రెండు ఫోన్లూ తీసుకుని ఎర్ర దుప్పటిలో దూరి, తలమీదుగా లాక్కుంది. చీకట్లో పేరమ్మ గొంతు నవ్వుతూ లేచింది. చింతచెట్టెక్కిన కాళ్లకు పసుపు రాయండమ్మా, అత్త జడ లాగిన చేతులకు పసుపు రాయండమ్మా... మంగ దుప్పటి అంచు పళ్లతో కరిచిపట్టుకుంది. చివరి చరణంలో తన వెక్కు ఆగలేదు, అదీ పాటలో పడింది. మళ్లీ మొదటి నుంచి పట్టాలంటే ఆ గొంతు ఇంకోసారి వినాలి. ఆ ధైర్యం లేక అలాగే తన నంబరు నుంచి పంపేసింది. పిన్ని ఫోను చెడిపోయిందని ఓ మాట చేర్చింది.

మర్నాడు సత్యనారాయణ జవాబొచ్చింది. వెనకాల సన్నాయి వినబడుతోంది. "అమ్మా మంగా, పాట బ్రహ్మాండం. పిల్ల పీట మీద ఒకటే నవ్వు. కానీ చివర్లో అక్క ఏడ్చింది కదా? శుభమా అని పాడుతూ ఏడుపేంటే అని తమ్ముడు తిట్టాడని చెప్పు. తాళి పడగానే నేనే మాట్లాడతాను."

మంగ ఆ మాట రెండోసారి వినలేదు. పిన్ని మంచం మీద ఎర్ర దుప్పటి తలవైపు ఇంకా గుడారంలా లేచే ఉంది, నొప్పిమందు వాసనతో.