పూసంత బరువు

రోగి నోట్లో పెడితే వణకని పళ్ళ డాక్టరు వేళ్ళు రికార్డు ప్లేయరు ముందు మాత్రం వణికేవి. శనివారం మధ్యాహ్నమంతా ఆయన ముందుగదిలో కూర్చుని, సూదిని మోసే సన్నటి చేతిని తూచుకుంటూనే ఉన్నాడు. వెనకనున్న బరువును తిప్పి తిప్పి, చెయ్యి ఎటూ ఒరగకుండా గాలిలో తేలేలా చేశాడు. తరవాత సూది రికార్డు మీద సరిగ్గా రెండు గ్రాములు ఆనేలా, అగ్గిపెట్టంత తక్కెడ మీద చూసుకున్నాడు. ఇక యాంటీ స్కేట్ మిగిలింది. తిరిగే రికార్డు సూదిని మధ్యకు లాగుతుంది. ఆ లాగుడుకి ఎదురు లాగడానికి చేతి వెనక దారంతో పూసంత గుండు ఒకటి వేలాడదీస్తారు. అది లేకపోతే సూది గాడిలో ఒక గోడకే ఆనుకుపోయి, కుడి స్పీకరు గరగరలాడుతుంది.

“ఏమండీ, లోపలికి రావచ్చా?” అంది భార్య గుమ్మంలోంచి.

“మెల్లగా రా. నేల అదిరితే సూది అదురుతుంది.”

“నడవకుండా ఎలా రావాలో అది కూడా చెప్పండి, వస్తాను.”

ఇంత హడావిడికీ కారణం, మర్నాడు సంగీత మిత్రమండలి మొదటిసారి వాళ్ళింట్లో కూడుతోంది. దాని అధ్యక్షులు రిటైరైన జడ్జిగారు. ఎవరి ప్లేయరు విన్నా ఆయన తీర్పు చెప్పేవారు, దానిమీద అప్పీలు లేదు. లెక్కల లెక్చరరు ప్లేయరుకి “జలుబు చేసినట్టుంది” అని ఆయన అన్న ఒక్క మాటకి, ఆ పెద్దమనిషి దాన్ని వచ్చినకాడికి అమ్మేసి కొత్తది కొనుక్కున్నాడు.

ఆ రాత్రి గుండు కూడా తగిలించాకే డాక్టరు పడుకున్నాడు. ఆదివారం పొద్దున ఆయన భార్య గది దులిపింది. దులిపాక చూస్తే బల్లమీద దారంతో సహా ఒక పూస రాలి ఉంది. కిటికీ తెర అంచున పూసల కుచ్చులున్నాయి, అవి రాలుతుండడం మామూలే. తీసి, కుట్టేసింది.

సాయంత్రం మిత్రమండలి వచ్చింది. “దీపం తగ్గించండి. కళ్ళు మూసుకుంటేనే చెవులు తెరుచుకుంటాయి,” అన్నారు జడ్జిగారు. ఆ మసక వెలుతుర్లోనే డాక్టరు తన యాంటీ స్కేట్ సర్దుబాటు గురించి సుదీర్ఘంగా చెప్పి, వయొలిన్ రికార్డు మీద సూది దించాడు.

కుడి స్పీకర్లోంచి ఇసుక నలిగినట్టు చప్పుడు. సంగీతం అయ్యేదాకా డాక్టరు తల పైకెత్తలేదు.

“విన్నారా?” అన్నారు జడ్జిగారు కళ్ళు తెరవకుండానే. “కుడివైపు ఆ గరుకు. కమాను తీగమీద రాసుకునే చప్పుడది. నా జన్మలో ఇంత స్పష్టంగా వినలేదు.”

“నేనూ అదే అనబోతున్నాను,” అన్నాడు లెక్చరరు. మిగతావాళ్ళూ తలలూపారు.

మర్నాడు తెర పక్కకి లాగుతుంటే డాక్టరు చేతికి గుండు తగిలింది. కుచ్చుల వరసలో చక్కగా వేలాడుతోంది. సంగతి అర్థమయ్యాక ఆయనకి కాఫీ సహించలేదు. పుచ్చిన పన్ను పుచ్చిందని మొహం మీదే చెప్పే అలవాటు ఆయనది. తరవాతి సమావేశంలో లేచి నిలబడి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు. “మీరు విన్నది కమాను కాదండీ, నా పొరపాటు. క్షమించాలి.”

జడ్జిగారు గడ్డం నిమురుకున్నారు.

“అంటే, ఆ గుండు లేకపోబట్టే అంత బాగుందన్నమాట,” అన్నారు. “ఇన్నాళ్ళూ చేతికి సంకెళ్ళు వేసి పాడమన్నాం.”

“అది కాదండీ, లెక్క ప్రకారం...”

“లెక్కకి చెవులుండవు డాక్టర్.”

లెక్కల లెక్చరరు కూడా అవునన్నాడు. వారం తిరక్కుండా మిత్రమండలిలో ప్రతి ప్లేయరుకీ గుండు ఊడింది. ఊడదీయడానికి చెయ్యి తిరిగినవాడని డాక్టర్నే పిలిచారు. వద్దన్నకొద్దీ, గొప్పవాళ్ళకి ఆమాత్రం వినయం ఉంటుందన్నారు.

కొంతకాలానికి జడ్జిగారు పంటి నొప్పని క్లినిక్కుకి వచ్చారు. నోట్లో అద్దం పెట్టి చూస్తే పళ్ళన్నీ ముత్యాల్లా ఉన్నాయి. నర్సు బయటికి వెళ్ళేదాకా ఆగి, ఆయన గొంతు తగ్గించారు.

“డాక్టర్, ఆ కుడి స్పీకరు... నా వల్ల కావడం లేదు. గుండు మళ్ళీ తగిలించొచ్చా? పైకి కనబడకుండా.”

“మీరే ఒక మాట చెప్పి అందరివీ తగిలించేయొచ్చు కదండీ?”

“నా తీర్పు నేనే కొట్టేసుకుంటే ఇక నా మాట ఎవరు వింటారయ్యా?”

డాక్టరు సొరుగులోంచి పళ్ళ సందుల్లో శుభ్రం చేసుకునే దారం చుట్ట తీసి జేబులో వేసుకున్నాడు. ఆ సాయంత్రమే వెళ్ళి, కంటికి ఆనని ఆ దారంతో గుండు కట్టి, ప్లేయరు పెట్టె వెనక్కి మరుగయ్యేలా వేలాడదీశాడు. ఆ తరవాత లెక్చరరుకి పంటి నొప్పి వచ్చింది. నెల తిరిగేసరికి మిత్రమండలి మొత్తానికి వచ్చింది. ఒక్కొక్కరూ “మన మధ్యే ఉండాలి సుమండీ” అని ఒట్టు పెట్టించుకున్నారు. డాక్టరు అందరికీ ఒట్టు వేశాడు. చివరికి తన గుండు కూడా తగిలించుకున్నాడు.

మళ్ళీ సమావేశం డాక్టరు ఇంట్లోనే జరిగింది. అదే వయొలిన్ తేనెలా సాగింది. “అదీ, స్వేచ్ఛ పొందిన చెయ్యంటే,” అన్నారు జడ్జిగారు కళ్ళు మూసుకుని. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

కాఫీలు తెచ్చిన డాక్టరు భార్య గుమ్మంలో ఆగి వింది.

“ఇవాళ కుడివైపు ఆ బరబర లేదేమిటండీ?”

డాక్టరు చటుక్కున ప్లేయరు వెనక్కి చూశాడు. జడ్జిగారు మాత్రం తొణక్కుండా కప్పు అందుకున్నారు.

“ఉందమ్మా. నీకు అలవాటైపోయింది, అంతే.”