ఎవరి తాలూకు?

ఆసుపత్రి నుండి ఆమెను ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ స్పష్టంగానే చెప్పింది. "మందులు చేయగలిగింది చేశాయి. ఇక మీలాంటి వాళ్ళ మధ్య కూర్చుని మీరే నోరు విప్పాలి."

ఆసుపత్రిలో చేరక ముందు ఆమె కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించేది. వెనుక గదిలో అద్దాలు తుడిచే ద్రవం సీసాలు వరుసగా ఉండేవి. వాటిలో ఒకదానిలో ఉన్నది ఆ ద్రవం కాదు. చేతులు వణికి, బిగించిన అద్దాలు ఊడిరావడం మొదలయ్యాక గానీ యజమానికి ఆ సంగతి తెలియలేదు.

ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు ఒక ఉదయం ఆమె సారా దుకాణం ముందు దాకా వెళ్ళి, తలుపులు ఇంకా తీయలేదు కనుక వెనక్కి వచ్చింది. వచ్చి, "అత్తయ్యా, ఇవాళ ఎవరి ముందైనా చెప్పుకోకపోతే రేపు తాగేస్తాను," అంది.

"అయితే చెప్పులు వేసుకో," అంది అత్తగారు.

తాగుడు మానాలనుకునేవాళ్ళ సమావేశం గ్రంథాలయం వెనుక మేడ మీద జరుగుతుంది. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతోంది. ఆమె, ఆమె భర్త ముందుగా పైకి చేరారు. అతను బస్సు డ్రైవరు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గడ్డం మాసి ఉంది, చొక్కా నలిగి ఉంది. ఆమె ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది.

గుమ్మంలో టీ పోస్తున్న పెద్దమనిషిని అందరూ బాబాయ్ అంటారు. ఆయన కూడా ఒకప్పుడు తాగి మానినవాడే. ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. సాక్ష్యం అడగకుండానే తీర్పు ఇచ్చేశాడు.

"రా తమ్ముడూ, మొదటి రోజు అందరికీ ఇబ్బందే," అంటూ డ్రైవరు భుజం మీద చెయ్యి వేశాడు.

"అది కాదండీ, తాగేది నేను కాదు..."

"నేనూ సరిగ్గా ఇదే అన్నాను మొదటి రోజు. లోపలికి పద." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "నువ్వు ఎవరి తాలూకు అమ్మా? ఈయన తాలూకేగా? ఇంటివాళ్ళు పక్క గదిలో కూర్చుంటారు."

ఇంటి నుండి దారి పొడవునా ఆమె ఒక్క వాక్యం సిద్ధం చేసుకుంది. ఈ ప్రశ్నకు ఆ వాక్యం జవాబు కాలేదు. తల ఊపి పక్క గదిలోకి వెళ్ళింది.

అక్కడ ఉన్నవాళ్ళంతా భార్యలూ తల్లులూ. ఎవరో అడిగితే ఆమె తన భర్త బస్సు డ్రైవరని చెప్పింది. బట్టలు కుట్టే ఆవిడ ఒకతె ఆమెకు కుర్చీ చూపించి, "మీ ఆయన ఎక్కడ దాస్తాడమ్మా? మావాడు బూటులో దాస్తాడు," అంది.

"అద్దాలు తుడిచే సీసాలో."

"బస్సు అద్దాలా?"

ఆమె కుర్చీలో కూర్చుంది. "అవును."

ఆ తర్వాత మాటలు వాటంతట అవే వచ్చాయి. పొద్దున్నే అతని చేతులు వణుకుతాయంది. వణుకు ఆగడానికే తాగుతాడంది. తాగాక వాసన పోయేదాకా నోరు కడుక్కుని, తర్వాత కుళాయి విప్పి ఉంచి ఏడుస్తాడంది. ఆమె అబద్ధం చెప్పలేదు, తన బతుకును భర్త పేరు మీద చెప్పింది. వింటున్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

"అలాంటివాడి చేతికి బస్సా!" అంది కుట్టుపనావిడ. "ఏ డిపో? రేపే వెళ్ళి చెబుదాం. జనం ప్రాణాలంటే ఆటలా?"

"నా కొడుకు సోడా తాగితేనే తేన్పులు వస్తాయని భయపడే మనిషి," అంది గుమ్మంలోంచి అత్తగారు. ఆయాసంతో తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుండి వింటోందో ఎవరికీ తెలియదు. "అమ్మాయ్, నువ్వు చెప్పిందంతా నిజమే. మనిషి ఒక్కడే తప్పు. లేచి వెళ్ళి సరిచెయ్యి."

"అక్కడంతా మగవాళ్ళు, అత్తయ్యా."

"తాగేటప్పుడు గదిలో ఎవరున్నారో చూసుకున్నావా?"

ఆమె లేచింది.

హాలులో డ్రైవరు ముందు వరుసలో కూర్చుని, రెండో కప్పు టీ పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. మాట్లాడే వంతు అతనిదే. "నేను... నేను డ్రైవర్ని," అన్నాడు చివరికి. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్ల మధ్య ఆమె లోపలికి వచ్చింది. బాబాయ్ ఎదురు వెళ్ళాడు. "అమ్మా, నీ గది అటు. ఇందాకే అడిగానుగా, ఎవరి తాలూకని..."

"నా తాలూకే నేను," అంది ఆమె. "ఆయన తాగరు. తాగేది నేను."

చప్పట్లు ఆగిపోయాయి. వెనుక వరుసలో ఎవడో, "ఆడవాళ్ళు కూడానా!" అన్నాడు.

బాబాయ్ గొంతు తగ్గించాడు. "ఆడవాళ్ళకి మంగళవారం వేరే మీటింగు ఉందమ్మా. నలుగురే వస్తారు గానీ, అక్కడైతే నీకు సరిగ్గా ఉంటుంది."

"మంగళవారం తప్పకుండా వెళతాను. ఇవాళ ఎక్కడికి వెళ్ళమంటారు?"

బాబాయ్‌కి తప్పు ఒప్పుకునే మర్యాద ఉంది. వెళ్ళి టీ పోసి తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "తప్పు నాది. కూర్చో తల్లీ." తర్వాత వెనుక వరుస వైపు తిరిగి, "నీ సందేహం ఆమె చెప్పాక అడుగు," అన్నాడు.

భర్త లేచి కుర్చీ ఇచ్చాడు. ఆమె చేతిలో కప్పు గలగలమంది, టీ సాసరులోకి ఒలికింది. ఆ గదిలో దాన్ని వింతగా చూసినవాళ్ళు లేరు.

"నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేదాన్ని," అని మొదలుపెట్టింది ఆమె.

డ్రైవరు పక్క గది గుమ్మం దాకా వెళ్ళి, లోపలంతా ఆడవాళ్ళే కనబడితే అక్కడే ఆగిపోయాడు. కుట్టుపనావిడ అతని ఎర్రని కళ్ళ వైపు అనుమానంగా చూసింది. "మీరెవరి తాలూకు?"

"అక్కడ మాట్లాడుతోందే," అన్నాడు హాలు వైపు చూపిస్తూ, "ఆవిడ తాలూకు."

కుట్టుపనావిడ తన పక్క కుర్చీ మీది సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.