రెండు నుంచి పదకొండుకు

వాగ్దేవికి తొమ్మిదేళ్ళప్పుడు, తెనాలి నాటక పోటీల్లో ప్రదర్శనల వరసకు తీసిన చీటీల్లో వాళ్ళ నాన్నకు రెండో నంబరు వచ్చింది. జగన్నాథరావు రేపల్లెలో డ్రాయింగు మాస్టారు. ఆరు నెలలు బడి వదలగానే రిహార్సల్స్ చేయించి తెచ్చిన నాటిక అది. తీరా అందరూ మేకప్ వేసుకుని కూర్చున్నాక, పరిషత్తు కార్యదర్శి సంజీవరావు బోర్డు మీద ఆయన పేరు తుడిచేసి అట్టడుగున రాశాడు. రెండో చోట తన బావమరిది బృందాన్ని ఎక్కించాడు. వీళ్ళ వంతు వచ్చేసరికి న్యాయనిర్ణేతల్లో ఇద్దరు రైలు టైమైందని వెళ్ళిపోయారు. కుర్చీలు మడుస్తున్న చప్పుళ్ళ మధ్య నాన్న డైలాగు చెబుతుంటే, ముందు వరుసలో వాగ్దేవి ఒక్కతే కూర్చుని చూసింది. ఆ తర్వాత జగన్నాథరావు మొహానికి మళ్ళీ రంగు వేసుకోలేదు.

ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. వాగ్దేవి మాత్రం ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

పదిహేడేళ్ళ తర్వాత, తెనాలిలో ఆమె పనిచేసే చిన్న వెబ్‌సైట్ల ఆఫీసు మెట్లెక్కి అదే సంజీవరావు వచ్చాడు. జుట్టు నెరిసింది గానీ పదవి పోలేదు.

"ప్రదర్శనల లిస్టు ఒకటి కావాలమ్మా. పేరు మీద వేలు పెట్టి పైకి లాగితే పైకి పోవాలి, కిందకి లాగితే కిందకి రావాలి. వదిలిన చోట ఉండిపోవాలి. హాల్లో పెద్ద స్క్రీన్ మీద అదే కనపడాలి. అవుతుందా?"

"ఎందుకవదండీ, అవుతుంది," అంది వాగ్దేవి.

మూడు వారాలు కూర్చుంది. మొదట్లో పేరు మీద వేలు పెడితే పేజీ మొత్తం జారిపోయేది. అందుకని ప్రతి పేరు పక్కనా పట్టుకోడానికి ఆరు చుక్కలు పెట్టింది. ఒక పేరుని లాగుతుంటే మిగతావి ఒద్దికగా జరిగి చోటిచ్చేలా చేసింది. వేలు తీయగానే కొత్త వరస సర్వర్లో చేరేది, ఆ క్షణంలోనే స్క్రీన్ మీదికీ వచ్చేది. ఆయన అడిగిన పని అంతటితో అయిపోయింది. వాగ్దేవి పని అప్పుడు మొదలైంది. ఏ పేరు కదిలినా ఎవరు కదిపారో, ఎన్నింటికి, ఎక్కణ్ణించి ఎక్కడికో హాల్లోని పెద్ద స్క్రీన్ మీద మాత్రం ఆ పేరు కిందే పడేలా రాసింది. చెరపడానికి దారి లేకుండా రాసింది.

ఒప్పంద పత్రంలో ఏడో అంశంగా ఆ మాట పెట్టింది. "ఒకసారి చదవండి సార్," అని కాగితం ముందుకు జరిపింది. చదువుతాడేమోనని లోపల బెదురు.

"నువ్వు రాశావుగా, చాల్లేమ్మా," అని సంతకం గీకేసి, ఆయన టాబ్ మీద పేర్లు పైకీ కిందకీ లాగుతూ మురిసిపోయాడు.

పోటీల రోజు ఉదయం హాలు నిండింది. వేదిక పక్కన స్క్రీన్ మీద పదకొండు పేర్లు. రెండోది బాపట్ల ఆడపిల్లల బృందం. వాళ్ళ లెక్చరర్ ఇందుమతి పిల్లల్ని సిద్ధం చేస్తోంది. వాగ్దేవి చివరి వరుసలో కూర్చుంది.

మొదటి నాటిక ముగుస్తుండగా బాపట్ల పేరు రెండో చోటు నుంచి కదిలింది. మూడు వందల మంది చూస్తుండగా మెల్లగా జారి అడుగున ఆగింది. దాని కింద ఒక వాక్యం: సంజీవరావు, 10:12, రెండు నుంచి పదకొండుకు. మరుక్షణం ఆయన అల్లుడి బృందం ఎనిమిది నుంచి రెండుకు ఎగబాకింది. బాపట్ల పిల్లల మొహాల్లో కంగారు వాగ్దేవికి కనపడింది. అయినా లేవలేదు.

హాలు గుసగుసలాడింది. ఏం జరిగిందో అర్థమై సంజీవరావు బాపట్ల పేరుని వెనక్కి లాగాడు. ఇంకో వాక్యం పడింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ పడింది. ఆరుసార్లు. ఎవరో గట్టిగా నవ్వారు, ఆపైన ఈలలు. పరిషత్తు అధ్యక్షుడు ఉమామహేశ్వరరావు వచ్చి ఆయన చేతిలోంచి టాబ్ తీసుకుని, "ఇక మీరు వెళ్ళండి," అన్నాడు. బాపట్ల పిల్లలు రెండో నంబరులోనే వేదికెక్కారు.

సంజీవరావు చెమటలు కక్కుతూ చివరి వరుసకొచ్చాడు. "చెరిపెయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది."

"చెరగదండి. ఏడో అంశంలో రాశాను."

"నేన్నీకేం చేశానమ్మా?"

"నేను రేపల్లె జగన్నాథరావుగారి అమ్మాయినండి."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. "ఏ జగన్నాథరావు?"

నటించడం లేదు. ఆయనకు నిజంగానే గుర్తు లేదు. పదిహేడేళ్ళుగా కూడబెట్టుకున్న మాటలన్నీ పక్కన పెట్టి, వాగ్దేవి వేదిక వైపు తిరిగింది.

మధ్యాహ్నానికల్లా ఆయన రాజీనామా ఇచ్చాడు. సాయంత్రం రేపల్లె బండి దిగి ఇంటికెళ్ళి, భోజనాల దగ్గర వాగ్దేవి అంతా చెప్పింది. జగన్నాథరావు కంచంలో చెయ్యి ఆపేశాడు.

"ఆరుసార్లా? మళ్ళీ చెప్పు. మొహం ఎలా పెట్టాడు?"

ఆమె మళ్ళీ చెప్పింది. ఆయన కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వి నవ్వి, తల వంచుకుని అడిగాడు: "నా పేరు చెప్తే గుర్తుపట్టాడా?"

"గుర్తుపట్టాడు నాన్నా," అంది వాగ్దేవి. "తల దించుకున్నాడు."