తొమ్మిది వందల ఒకటో విశ్వం

కైరోలో ఫిజిక్స్ పాఠాలు చెప్పే డాక్టర్ వగ్దీకి మూడేళ్లుగా ఒకటే పిచ్చి. గురుత్వాకర్షణ బలం, ఎలక్ట్రాన్ బరువు లాంటి అంకెలను కాస్త అటూ ఇటూ జరిపి కంప్యూటర్‌లో ఓ విశ్వాన్ని పుట్టిస్తాడు. అందులో జీవం మొలవకపోతే మురిసిపోతాడు. ఇప్పటికి తొమ్మిది వందల విశ్వాలు అలా పోయాయి.

"చూశావా నర్మీన్, వెంట్రుకవాసి జరిగినా అంతే సంగతులు. మన విశ్వం అంకెల్ని ఎవరో పనిగట్టుకుని కుదిర్చారమ్మా," అన్నాడు సెమినార్‌కు గంట ముందు, తన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయితో.

"మరి మన అంకెలు పెట్టి నడిపారా డాక్టర్ గారూ?"

"అదెందుకు? మనం బతికే ఉన్నాంగా."

నర్మీన్‌కు మనసొప్పలేదు. అసలు అంకెలు పెట్టి నడిపింది. ఆయన పుదీనా టీ తాగడం పూర్తయ్యేలోగా ఆ విశ్వం పుట్టింది, ఉబ్బింది, చల్లారింది. ఒక్క నక్షత్రమూ వెలగలేదు.

"మీ ప్రోగ్రాంలో ఎక్కడో తప్పుందండీ," అంది మెల్లగా.

"మూడేళ్లు రాసింది. దాంట్లో తప్పుండదు."

ప్రోగ్రాం తప్పని ఒప్పుకోవడం కన్నా తాము బతికి లేమని ఒప్పుకోవడమే ఆయనకు తేలికలా ఉందని నర్మీన్‌కు అర్థమైంది. వెళ్లి సెమినార్ హాల్లో వెనక వరసలో కూర్చుంది.

వగ్దీ మైకు అందుకుని గొంతు సవరించుకున్నాడు.

"మొత్తం తొమ్మిది వందల ఒక్క విశ్వాలు నడిపి చూశాను. ఒక్కదాంట్లోనూ జీవం లేదు. ఇంతకన్నా రుజువేం కావాలి?"

హాలంతా చప్పట్లు కొట్టింది.