పెట్టెలో ఒక్కటే చేతిరాత

పెట్టెలో మిగిలిన ముప్పైఎనిమిది చీటీల్లోనూ ఒక్కటే చేతిరాత ఉందని అనుపమ కనిపెట్టేసరికి విరామం ముగియడానికి ఇంకా పదిహేను నిమిషాలే ఉన్నాయి.

కాలు తగిలి స్టూలు మీది పెట్టె బోర్లాపడింది. లేకపోతే ఆమెకూ తెలిసేది కాదు. ఎప్పుడూ ఒక్కో చీటీ తీసి చదవడమే తప్ప, అన్నింటినీ ఒకచోట పెట్టి చూసినవాళ్లు లేరు. ‘బస్టాండులో తప్పిపోయిన పెళ్లికొడుకు.’ ‘మేకకు ఆధార్ కార్డు.’ ‘గుత్తి కోట ఎక్కలేక సగంలో కూర్చున్న రాజు.’ అన్నీ నీలం సిరా. అన్నీ కుడివైపు వాలిన అక్షరాలు. అన్నీ నవ్వించేవే. వాటిలో ఒక్క చెత్త చీటీ కూడా లేదు. అరవైమంది జనం రాస్తే అలా ఉండదు.

ధర్మవరంలో ఒక పట్టుచీరల దుకాణం వెనక హాల్లో ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఈ హాస్య ప్రదర్శన జరుగుతుంది. ఇందులో ముందే రాసిపెట్టుకున్న మాట ఒక్కటీ ఉండదు. లోపలికి వచ్చేవాళ్లు తోచింది చీటీ మీద రాసి పెట్టెలో వేస్తారు. వేదిక మీద ఒక చీటీ తీసి, అందులో ఏముంటే దాన్ని అప్పటికప్పుడు ఆడాలి. నియమాలు రెండు. తీసిన చీటీని పక్కన పెట్టకూడదు. ఎదుటివాడి మాటను కాదనకూడదు.

డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే అనుపమ ఈ బృందాన్ని మొదలుపెట్టింది. నటన వచ్చా అని ఆమె ఎవరినీ అడగలేదు. అందుకే చక్రాల కుర్చీలో వచ్చే నిఖితకు ఇక్కడ చోటు దొరికింది. గుత్తి నుంచి రైలెక్కి వచ్చే రిటైర్డ్ గార్డు గురప్పకు దొరికింది. పది వారాల కిందట మల్లీశ్వరికి దొరికింది. ఆమెకు నలభై ఐదేళ్లు. మగ్గం మీద కొత్త పడుగు పోగుల్ని పాత పోగులకు ఒక్కొక్కటిగా ముడివేయడం ఆమె పని. వేల పోగులు. ఒక్కటి తప్పినా చీర చెడిపోతుంది. ఆమెకు పుట్టుకతోనే నత్తి. ఇప్పుడు జనం ఎక్కువగా నవ్వేది ఆమె ఆటకే.

ఆ నవ్వులన్నీ ఎవరో ముందే వండి వడ్డించినవైతే?

అనుపమకు మొదట బృందంలోని హేమంత్ మీద అనుమానం వచ్చింది. మల్లీశ్వరి రాకముందు అందరి చప్పట్లూ అతనివే. చీటీలు పిడికిట్లో పట్టుకుని నేరుగా అతని ముందుకు వెళ్లింది.

“ఇవి నువ్వు రాసినవా?”

హేమంత్ చీటీలు తిరగేసి, చెమటకు ఒంటికి అంటుకుపోయిన చొక్కా లాగి చూపించాడు. “ముందే రాసిపెట్టుకున్నోడు ఇట్ల తడుస్తాడా మేడమ్? ఇందాక ఆటలో గాడిద మాదిరి అరవల్లని తెలిసుంటే పొద్దున్నే వేన్నీళ్లు తాగి వస్తాంటి.”

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి చీటీ అందుకుంది. మల్లీశ్వరి. ఆమెకు రెండో చీటీ చూడాల్సిన అవసరం రాలేదు.

“ఇది సా... సావుకారు రాత.”

ఇరవై రెండేళ్లుగా తనకు వచ్చే ప్రతి పట్టుదారం కట్టకూ ఆ రాతతో ఒక కాగితం కట్టి ఉంటుంది. దుకాణం యజమాని బదరీనారాయణ శెట్టి రాత. హాలు ఉచితంగా ఇచ్చింది ఆయనే. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని చీటీలు వేయించుకునేదీ, ఆట మొదలయ్యే ముందు పెట్టె తెచ్చి వేదిక మీద పెట్టేదీ ఆయనే.

“శెట్టా?” అన్నాడు హేమంత్. “నవ్వితే పండ్లు అరిగిపోతాయని దాచిపెట్టుకున్నాడు గదా ఆయప్ప.”

“ఆట అయిపోనీ అక్కా, తర్వాత అడుగుదాం,” అంది అనుపమ.

“లేదు మేడమ్. ప... పది వారాలు జనం నవ్వినారు. ఆ నవ్వులు నావో, ఆయప్ప పెట్టిన భిక్షమో నాకు ఇప్పుడే తేలల్ల.”

మల్లీశ్వరి తలుపు దగ్గరికి వెళ్లి చెయ్యి చాచింది. “అసలు చీటీలు ఇయ్యండి సావుకారూ.”

“ఏం చీటీలు మే?”

“మీ రాత నాకు కొత్తనా?”

చాచిన చెయ్యి దిగలేదు. శెట్టి జుబ్బా జేబులోంచి ఒక కట్ట తీశాడు. “చదవొద్దు మే,” అన్నాడు నెమ్మదిగా.

ఆమె చదివింది. అనుపమ ఆమె భుజం మీదుగా చూసింది. చాలావరకు మామూలువే. కానీ మధ్యమధ్య ఇవీ ఉన్నాయి. ‘నత్తామెతో గబగబా పాట పాడించండి.’ ‘నత్తామెకు పెళ్లిచూపులు.’ మల్లీశ్వరి ఒకటి ఎంచి పైకి తీసింది. ‘మోటార్ల కంపెనీ ఫోన్లో నత్తామె.’

“ఇది ఆడదాం.”

“దీన్ని ఆడాల్సిన పనిలేదు అక్కా.”

“తీసిన చీటీ పక్కన పెట్టకూడదని మీరే గదా చెప్పినారు,” అంది మల్లీశ్వరి. ఈసారి ఆమె మాట ఎక్కడా తట్టుకోలేదు.

రెండో సగం మొదలైంది. చీటీని ఆమే పైకి చదివింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ముందు వరసలో చాలామంది తలలు దించుకున్నారు. ఆమె కంపెనీ మనిషైంది, హేమంత్ రైతై ఫోను చెవిన పెట్టుకున్నాడు.

“అమ్మా, నాలుగు దినాలుగా నా బోరు మోటారు తిరగడంల్యా. చెనిక్కాయ పంట ఎండిపోతాండాది. బిరీన చెప్పు.”

“సార్... మీ... మీ...”

“మోటారు కాలిపోయిందంటావా?”

ఎదుటివాడి మాట కాదనకూడదు. “ఔను సార్.”

“బాగుచేసేదానికి?”

“దా... దానికి సార్...”

“నెల పడుతుందంటావా?”

“ఔను సార్.”

“అంతలోపల పంట పోతాది గదా?”

“ఔను సార్.”

“అయితే మోటారు అమ్ముకోమంటావా?”

“ఔను సార్.”

“చేను గూడానా?”

“ఔను సార్.”

“బెంగుళూరికి పోయి వాచ్‌మన్ పని చూసుకోమంటావా?”

“ఔను సార్.”

ఆమె నోరు తెరిచిన ప్రతిసారీ అతను మాట లాక్కున్నాడు. లాక్కున్న ప్రతిసారీ ఒక మెట్టు కిందికి జారాడు. హాలు ఊగిపోతోంది. ఆమె మాటను బస్సులోనో అంగట్లోనో అలా లాక్కున్నవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. చివరికి హేమంత్ దగ్గర మాటలు అయిపోయాయి. నేలమీద కూలబడ్డాడు. అంతా నిశ్శబ్దం.

మల్లీశ్వరి తొందరపడలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు క్షణాలు. నవ్వించేవాళ్లను అనుపమ చాలామందిని చూసింది. నిశ్శబ్దాన్ని అంతసేపు, అంత ధీమాగా నిలబెట్టినవాళ్లను మాత్రం చూడలేదు.

“సార్... మొదట్నుంచీ నేను చె... చెప్పబోతాండేది ఒకటే. రే... రేపు పొద్దున... బాగుచేసే మనిషి వస్తాడు.”

హాలు నవ్వులతో దద్దరిల్లింది. కిసుక్కుమన్న వెనక వరస అందరికంటే ఎక్కువసేపు నవ్వింది. మల్లీశ్వరి ఆ నవ్వును చివరిదాకా నిలబడి విన్నది. తర్వాత చెయ్యెత్తింది.

“ఈ చీటీ మీలో ఒకరు రాసిందే. మొదటి సగంలోవి మాత్రం మీవి కాదు. పది వారాలుగా ఎ... ఎవురో మారుస్తాండారు. ఎవురో నేను చెప్పను. మార్చినోళ్లే చెప్పల్ల.”

తలుపు దగ్గర కుర్చీ కిర్రుమంది. బదరీనారాయణ శెట్టి వరసల మధ్యనుంచి నడిచివచ్చి వేదిక ముందు నిలబడ్డాడు.

“నేనే మార్చినా,” అన్నాడు. “ఆయమ్మ వచ్చిన మొదటి ఆదివారం పెట్టెలో ఒక పాడు చీటీ కనపడె. నా మగ్గాల మనిషిని నా హాల్లోనే ఎగతాళి చేస్తే చూస్తా కూర్చుంటానా? తీసి జేబులో వేసుకున్యా. దాని బదులు ఇంకోటి రాసి వేసినా. అంతవరకు ఆయమ్మ కోసమే. అయితే అప్పా, ఆ పొద్దు ఆటలో నా చీటీనే వచ్చె. పాలియ్యని ఎనుముకు పంచాయితీ. హాలంతా నవ్వె. నలభై ఏండ్లు దారం కట్టల మీద అంకెలు రాసినోణ్ణి, నా రాతకు ఎవురన్నా నవ్వినారా? మరుసటి వారం ఐదు రాసినా. ఆ తర్వాత పెట్టె అంతా నావే. మీరు రాసిన మంచి చీటీలు గూడా తీసేసినా, నాకన్నా మీవి బాగుంటాయేమోనని. కాపాడతాండానని ఆయమ్మ పేరు చెప్పుకుని దొంగతనం చేసినా. ఇప్పుడు చూస్తే ఆయమ్మకు కాపలా అక్కర్లా. తలుపు కాడ కూర్చున్న నాకే ఈ వేదిక పక్కకు రావల్లని ఉన్నింది. అడిగేదానికి సిగ్గుపడినా. ఇంగ మీరేం చేస్తారో చేయండి. పెట్టె మాత్రం నా చేతికి ఇయ్యొద్దండి. నా చెయ్యి ఊరుకోదు.”